క్లుప్తంగా పంపడం, గుట్టుగా పంపడం

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇప్పుడు గోడలకే కాదు, తీగలకూ గాలికీ కూడా చెవులున్నాయి. మనం ఫోనులో పంపే ప్రతి కబురూ, ప్రతి ఫొటో, ప్రతి డబ్బు బదిలీ ఎన్నో మజిలీలు దాటి అవతలి మనిషికి చేరుతుంది. దారిలో ఎవరైనా పొంచి వినవచ్చు. అందుకని కబురును దాచి పంపాలి. మరో పక్క, పంపేది ఎంత తక్కువైతే అంత త్వరగా, అంత చవగ్గా చేరుతుంది. అందుకని కుదించి పంపాలి. దాచడం ఒక విద్య, కుదించడం ఇంకో విద్య అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రెండూ తోడబుట్టినవి. ఒకదానికొకటి సాయపడతాయి. కాస్త ఏమరుపాటుగా ఉంటే మాత్రం ఒకటి దాచిన గుట్టును రెండోది బయటపెడుతుంది.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. గణితశాస్త్రం నా వృత్తి కాదు. అయినా జమాఖర్చుల లెక్క తెలిసినవాళ్ళకు ఈ సమాచార సిద్ధాంతం అందనిదేమీ కాదు. హోసూరులోనో, షోలాపురంలోనో, బరంపురంలోనో, యానాంలోనో ఉన్న మన కుటుంబాలన్నిటికీ ఇప్పుడిది అవసరమైన సంగతి కూడా. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

తంతి నేర్పిన పాఠం

నడివయసు దాటిన పాఠకులకు టెలిగ్రాం గుర్తుండే ఉంటుంది. మన దేశంలో 2013 జూలై 14తో ఆ సేవ ముగిసింది. మాటకింత అని డబ్బు కట్టవలసి రావడంతో, పొదుపుగా రాయడం అందరికీ అలవడింది. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ" అన్న నాలుగు మాటల్లో ఒక ఉత్తరమంతా ఇమిడిపోయేది. పండగ శుభాకాంక్షలకూ పెళ్ళి దీవెనలకూ తంతి శాఖ వరస నంబర్లు ఇచ్చింది. మనం నంబరు రాస్తే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి వాక్యం అచ్చయి చేతికి వచ్చేది. ఇది కుదింపే. అయితే ఆ నంబర్ల పట్టిక ప్రతి తంతి ఆఫీసులోనూ ఉండేది కాబట్టి అందులో రహస్యం ఏమీ లేదు.

వ్యాపారస్థులకు పొదుపుతోపాటు గుట్టు కూడా కావాలి. సరుకు ధర ఎంతకు ఒప్పుకున్నారో తంతి గుమాస్తాకు తెలిస్తే ఎలా? అమెరికాలో మోర్సుగారి తంతి 1844లో మొదలైతే, మరుసటి ఏడు 1845లోనే ఆయన భాగస్వామి ఫ్రాన్సిస్ స్మిత్ రహస్య సందేశాల కోసం ఒక పదకోశం అచ్చువేశాడు. ఆ తరువాత ఎ.బి.సి. కోడు, బెంట్లీ కోడు వంటి లావుపాటి పుస్తకాలు వచ్చాయి. ఒక్క మాటతో ఒక పూర్తి వ్యాపార వాక్యం చెప్పవచ్చు. ఖర్చు తగ్గింది గాని గుట్టు దక్కలేదు. పుస్తకం బజారులో దొరుకుతుంటే, పొంచి వినేవాడు కూడా ఒక ప్రతి కొనుక్కోగలడు కదా!

ఈ లోటును సరిదిద్దినవాడు ఒక బ్యాంకరు అని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. పేరు ఫ్రాంక్ మిల్లర్. ఊరు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాక్రమెంటో. ఆయన 1882లో ఒక కోడ్ పుస్తకం వేశాడు. అందులో వేల సంఖ్యలో మాటలూ వాక్యాలూ, ఒక్కొక్కదానికి ఒక అంకె. ఇంతవరకు పాత పద్ధతే. ఆయన కొత్తగా చెప్పింది ఇది: పంపేవాడూ అందుకునేవాడూ ముందుగానే ఒక క్రమం లేని అంకెల పట్టికను చెరొక ప్రతిగా పెట్టుకోవాలి. వాక్యపు అంకెకు పట్టికలోని మొదటి అంకెను కలిపి పంపాలి. ఉదాహరణకు వాక్యం అంకె 4310, పట్టికలో అంకె 2905 అయితే తంతిలో వెళ్ళేది 7215. అవతలివాడు 2905 తీసివేసి వాక్యం చూసుకుంటాడు. వాడిన అంకెను ఇద్దరూ కొట్టివేయాలి, మళ్ళీ ఎన్నడూ వాడకూడదు.

ఇప్పుడు పొంచి వినేవాడి దగ్గర కోడ్ పుస్తకం ఉన్నా లాభం లేదు. 7215 ఏ వాక్యమైనా కావచ్చు. ఈ పద్ధతిని 1917 ప్రాంతంలో టెలిప్రింటర్ల కోసం గిల్బర్ట్ వెర్నమ్, జోసెఫ్ మాబోర్న్ అనేవారు కనిపెట్టారని లోకం చాలాకాలం అనుకుంది. 2011లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ బెల్లొవిన్ పాత కోడ్ పుస్తకాలు తిరగేస్తూ మిల్లర్ పుస్తకాన్ని గుర్తించి, అసలు ఘనత ఎవరిదో చెప్పాడు.

మిల్లర్ ఒకే పుస్తకంలో రెండు పనులు చేశాడని గమనించండి. వాక్యాన్ని ఒక అంకెగా కుదించాడు. తరువాత ఆ అంకెను దాచాడు. మొదట కుదింపు, ఆ పైన తాళం. ఈ వరస ఎందుకు సరైనదో చెప్పడానికి లోకం ఇంకో 60 ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది.

మాటలో పొల్లు ఎంత?

క్లాడ్ షానన్ అమెరికాలో బెల్ లేబొరేటరీస్ ఉద్యోగి. 1948లో ఆయన సమాచారాన్ని కొలిచే సిద్ధాంతాన్ని ప్రచురించాడు. 1949లో రహస్య సందేశాల సిద్ధాంతం అచ్చయింది. యుద్ధకాలపు పని కావడంతో దీన్ని 1945లో రహస్య నివేదికగానే రాసి ఉంచాడు. అంటే కుదింపు, గుట్టు రెండూ ఒకే మనిషి బుర్రలో, ఒకే కాలంలో పెరిగాయి.

షానన్ కొలమానం పేరు బిట్టు. "అవునా, కాదా" అన్న ఒక ప్రశ్నకు జవాబు ఎంతో, ఒక బిట్టు అంత. నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నది ఒక బిట్టు. ముందే తెలిసిన సంగతి చెబితే అది సున్న బిట్లు. అందులో కొత్త ఏమీ లేదు గనుక.

మన మాటల్లో ఇలా ముందే తెలిసిపోయే భాగం చాలా ఉంటుంది. దాన్ని పొల్లు అందాం. "నేను రేపు ఊరికి వస్తున్నాను" అన్న వాక్యం తీసుకోండి. "వస్తున్నాను" అనగానే వచ్చేది నేనేనని తెలిసిపోయింది, "నేను" అన్నది లేకపోయినా నష్టం లేదు. మధ్యలో రెండు మూడు అక్షరాలు చెరిగిపోయినా మీరు పూరించుకోగలరు. ఇంగ్లీషు గురించి షానన్ 1951లో మనుషుల చేత తరువాతి అక్షరాన్ని ఊహింపజేసి లెక్క కట్టాడు. 26 అక్షరాల్లో ఏదైనా సమానంగా రాగలిగితే అక్షరానికి దాదాపు 4.7 బిట్లు కావాలి. అసలు ఉన్న సమాచారం మాత్రం 0.6కూ 1.3కూ మధ్యనే తేలింది. తక్కినదంతా పొల్లు.

ఈ పొల్లే పొంచి వినేవాడికి దారి చూపే దీపం. ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం వేసి రాసే సాధారణ గూఢలిపిలో ఎక్కువసార్లు వచ్చే గుర్తు ఎక్కువగా వాడే అక్షరమే అయి ఉంటుంది. ఆ ఆధారంతో అల్లుకుపోవచ్చు. ఇలాంటి లిపిలో 30 అక్షరాల ఇంగ్లీషు సందేశం దొరికితే చాలు, దాని అర్థం సాధారణంగా ఒక్కటే అయి తీరుతుందని షానన్ లెక్క. చిన్నప్పుడు మనం ఆడుకున్న "క" భాష గుర్తు చేసుకోండి. ప్రతి అక్షరానికి ముందు "క" చేర్చితే మాట పొడవవుతుంది గాని దాగదు. చేర్చింది ఉత్త పొల్లు. అందుకే ఏ పిల్లవాడైనా ఒక పూటలో పట్టేస్తాడు.

కనుక పొల్లు చెరిగిన తరువాత తాళం వేస్తే దొంగకు ఆధారం తక్కువ. రెండో లాభం బ్యాంకువాడికి ఇంకా బాగా అర్థమవుతుంది. సందేశం పూర్తిగా, ఎంత తెలివైనవాడికైనా దొరక్కుండా ఉండాలంటే, అందులో ఎంత సమాచారం ఉందో కనీసం అంత తాళంచెవి కావాలని షానన్ నిరూపించాడు. ఆ తాళంచెవిని ముందుగా చేతికి చేతికి అందించాలి. వాడినది మళ్ళీ వాడకూడదు. అంటే అది ఖరీదైన సరుకు. పొల్లుకు కూడా తాళంచెవి ఖర్చు పెట్టడం దండగ. ఆదా చేద్దామని వాడిన పట్టికనే మళ్ళీ వాడితే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. 1942లో సోవియట్ వారు కొన్ని తాళపు పుటలను రెండేసిసార్లు అచ్చువేశారు. ఆ సందు పట్టుకుని అమెరికావాళ్ళు వేల సందేశాల్లో కొన్నింటిని ఏళ్ళ తరబడి కూర్చుని చదవగలిగారు. దాన్నే వెనోనా పథకం అంటారు.

వరస తిప్పితే, అంటే ముందు తాళం వేసి తరువాత కుదిద్దామంటే, కుదరదు. మంచి తాళం వేసిన సందేశం నాణెం ఎగరేసిన ఫలితాల్లా ఉంటుంది. అందులో చెరగడానికి పొల్లే కనిపించదు.

పొడవు చెప్పేసే రహస్యం

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు చిక్కు చూడండి. ఇది నేను అల్లిన లెక్కే. ఒక బ్రాంచి ప్రతి సాయంత్రం పై ఆఫీసుకు నాలుగు కబుర్లలో ఒకటి పంపాలి. 16 రోజుల్లో సగటున 8 రోజులు "అంతా మామూలే", 4 రోజులు "నగదు ఎక్కువ ఉంది", 2 రోజులు "నగదు చాలదు", 2 రోజులు "లెక్కలో తేడా ఉంది". నాలుగు కబుర్లకు రెండేసి బిట్లు పెడితే 16 రోజులకు 32 బిట్లు. తరచు వచ్చే కబురుకు పొట్టి గుర్తు పెడితే? వరుసగా 0, 10, 110, 111 అని పెట్టామనుకోండి. అప్పుడు 8 ఒకట్లు 8, 4 రెండ్లు 8, 2 మూళ్ళు 6, మళ్ళీ 2 మూళ్ళు 6. మొత్తం 28 బిట్లు. డేవిడ్ హఫ్‌మన్ విద్యార్థిగా ఉన్నప్పుడు కనిపెట్టి, 1952లో ప్రచురించిన పద్ధతి ఇదే. ఫొటోలనూ ఫైళ్ళనూ కుదించడంలో ఈనాటికీ పనికివస్తోంది.

ఈ గుర్తులకు మిల్లర్ తాళం వేద్దాం. ప్రతి బిట్టుకూ ఒక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే అలాగే ఉంచుతాం, బొరుసు పడితే 0ని 1, 1ని 0 చేస్తాం. పొంచి వినేవాడికి ఒక్క బిట్టూ అర్థం కాదు. కాని వాడికి అర్థం కావలసిన పనే లేదు! సాయంత్రం తీగ మీద రెండు బిట్లు వెళ్ళాయంటే బ్రాంచిలో నగదు ఎక్కువ ఉందన్నమాట. దొంగకు కావలసింది సరిగ్గా అదే. తాళం చెక్కుచెదరలేదు, గుట్టు మాత్రం సందేశం పొడవులోంచి జారిపోయింది.

ఇది కాగితం మీది భయం కాదు. 2008లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంటర్నెట్ ఫోను సంభాషణల మీద ఒక ప్రయోగం చేశారు. మాటలకు తాళం ఉంది. కాని కుదించే యంత్రం ఒక్కో ధ్వనికి ఒక్కో పొడవు వాడుతోంది. ఆ పొడవుల వరస చూసి ఏ వాక్యం పలికారో చాలాసార్లు పట్టగలమని వాళ్ళు చూపించారు. 2012లో జూలియానో రిజ్జో, థాయ్ డువోంగ్ అనే ఇద్దరు వెబ్‌సైట్ల మీద ఇంకో యుక్తి చూపారు. కుదించే యంత్రం ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే దాన్ని పొట్టి చేస్తుంది. కనుక రహస్యం ఉన్న సందేశంలోకి తన ఊహను చొప్పించగలిగిన దొంగ, సందేశం పొట్టిదయితే ఊహ ఫలించిందని తెలుసుకుంటాడు. అలా ఒక్కో అక్షరమే పట్టుకుపోతాడు. దీనికి క్రైమ్ అని పేరు పెట్టారు. 2018లో వచ్చిన టి.ఎల్.ఎస్. 1.3 అనే భద్రతా ప్రమాణం, తాళం వేసే చోట కుదింపును పూర్తిగా తీసివేసింది.

మరి మందు లేదా? ఉంది, అదీ మనకు పరిచయమైనదే. బీమా కంపెనీ ఒక మనిషి ఆయుష్షు చెప్పలేదు గాని లక్షమంది సగటు చెప్పగలదు. అలాగే ఒక్కో కబురు కాకుండా 1600 కబుర్లు ఒకే మూట కట్టి పంపితే, వాటి పొడవు సుమారు 2800 బిట్ల దగ్గర నిలుస్తుంది. ప్రతి మూటనూ సరిగ్గా 3000 బిట్లకు నింపి పంపితే, పొడవు చూసి తెలిసేది ఏమీ లేదు. కుదించకపోతే 3200 అయ్యేది కాబట్టి ఆదా కూడా మిగిలింది. మూట పెద్దదయినకొద్దీ పైన నింపవలసిన వంతు తగ్గుతుంది. మూట నిండేదాకా ఆగడమే దీనికి ధర. ఆగలేనివాడు అన్ని కబుర్లనూ ఒకే పొడవు చేసి, ఆదాను వదులుకోవాలి. గుట్టు ఉచితంగా రాదు.

వినేవాడికి ముందే ఏం తెలుసు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1973లో డేవిడ్ స్లెపియన్, జాక్ వుల్ఫ్ ఒక విచిత్రాన్ని నిరూపించారు. అందుకునేవాడికి సంగతి కొంత ముందే తెలిస్తే, పంపేవాడు మిగతా కొంచెం పంపితే చాలు. ఆ ముందే తెలిసిన భాగం ఏమిటో పంపేవాడు చూడకపోయినా, ఇద్దరికీ ఉన్నవి ఎంత దగ్గరివో తెలిస్తే పని జరుగుతుంది.

ఉదాహరణకు బరంపురంలో తాతలనాటి ఇల్లు అమ్ముతున్నారు. 60కీ 69కీ మధ్య ఏదో ఒక లక్షల ధరకు తెగుతుందని చెన్నైలో ఉన్న చెల్లెలికి తెలుసు. అన్నగారు "4" అని ఒక్క అంకె పంపారు. ఆవిడకు 64 అని అర్థమైంది. దారిలో విన్నవాడికి అది 14 కావచ్చు, 44 కావచ్చు, 94 కావచ్చు. తాళంచెవి లేకుండానే కబురు కుదిరింది, చాలావరకు దాగింది కూడా. అదే, 60 చిల్లర అన్న సంగతి వాడికీ ముందే తెలిస్తే? అప్పుడు ఆ ఒక్క అంకెతో గుట్టంతా రట్టు.

1975లో ఆరన్ వైనర్ దీనికి దగ్గరి సంగతినే ఇంకో వైపు నుంచి చెప్పాడు. పొంచి వినేవాడి తీగ మన తీగకన్నా గరగరలాడుతుంటే, ముందస్తు తాళంచెవి లేకపోయినా గుట్టుగా మాట్లాడే ఉపాయం ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు వినబడి, గోడ అవతలివాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించడం లాంటిదే అది. ఆ తరువాతి పరిశోధకులు ఈ రెండింటినీ కలిపి, సంగతి కొంత ముందే తెలిసిన దొంగ ఉన్నప్పుడు ఎంత కుదించి ఎంత దాచగలమో లెక్కలు కట్టారు. అన్నిటిలో తేలింది ఒకటే. గుట్టు నిలవాలంటే మనవాడికి తెలిసింది, దొంగకు తెలిసిందానికన్నా ఏదో ఒక విధంగా మెరుగ్గా ఉండాలి.

ఇది మన ఇంటి సంగతి ఎలా అయిందో చెబుతాను. ఆ మధ్య మా కౌంటరు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చి కూలబడ్డారు. పెన్షను డబ్బు పోయింది. "నా పేరు చెప్పాడు బాబూ, బ్రాంచి చెప్పాడు, కార్డు చివరి నాలుగంకెలూ చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు మీ మనిషి కాక ఇంకెవరనుకున్నాను" అన్నారు. "అమ్మా, అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. మీ దగ్గర మాత్రమే ఉన్నది ఆ ఆరంకెలే" అన్నాను. చెప్పడానికి నాకే బాధ కలిగింది.

ఆరంకెలంటే పది లక్షల అవకాశాలు. షానన్ లెక్కలో దాదాపు 20 బిట్లు, అంటే 20 "అవునా, కాదా" ప్రశ్నలు. పేరు, బ్రాంచి, కార్డు, ఫోను నంబరు అన్నీ దొంగకు ముందే తెలిశాక, ఆవిడ ఖాతాకూ వాడికీ మధ్య నిలిచిన గోడ మందం అంతే. ఓటీపీ మిల్లర్ పట్టిక కాదు గాని ఒక్కసారికే వాడాలన్న నియమం రెండింటికీ ఒకటే. కొద్దిసార్లు తప్పితే దారి మూసుకుపోతుంది గనుక వాడు ఊహించలేడు. అందుకే మన నోటితో చెప్పించుకుంటాడు. కబురు చిన్నదైనకొద్దీ విలువ తక్కువ అనుకోవడం సహజం. ఈ సిద్ధాంతం చెప్పేది దానికి తలకిందులు. అందరికీ తెలిసినదంతా చెరిగేశాక మిగిలిన గింజ అది, మొత్తం గుట్టు దానిలోనే ఉంది.

కనుక ఫోనులో ఎవరైనా మన వివరాలు గడగడా చెబుతుంటే దాన్ని నమ్మకానికి ఆధారంగా తీసుకోకండి. వాడికి ఎంత తెలుసో అంత జాగ్రత్త అవసరం. బ్యాంకు మనిషికి మీ ఆరంకెలతో పని లేదు. ఎవరూ అడగరు, అడిగితే బ్యాంకు మనిషి కాడు. ఫోను పెట్టేసి, మీ పాసుబుక్కు మీద ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. పుట్టినరోజులూ ఇంటిపేర్లూ పెన్షను వివరాలూ ఊరందరికీ కనిపించేలా పెట్టడం తగ్గించండి. అవి ఒక్కొక్కటీ ఆ గోడలోంచి తీసిన ఒక్కో ఇటుక. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేసి, మీ బ్రాంచికీ తెలియజేయండి.

మన ఇళ్ళలో తెలుగు మాట్లాడగలిగినా చదవడం రాని పిల్లలు ఉన్నారు. చదవడం వచ్చినా కళ్ళు సహకరించని పెద్దలు ఉన్నారు. ఈ వ్యాసం మీరే వాళ్ళకు చదివి వినిపించండి. షానన్ పేరు మరిచిపోయినా ఫరవాలేదు, ఆరంకెల సంగతి మాత్రం గుర్తుండేలా రెండుసార్లు చెప్పండి.